మొదటి మూడు రోజులు, ఆ తర్వాత మూడు నెలలు

అర్ధరాత్రి దాటాక నాకు వచ్చే మెసేజ్‌లు చాలావరకు ఒకేలా మొదలవుతాయి, "ఒక డౌట్ అడగొచ్చా" అని. ఆ తర్వాత గబగబా రాసుకుంటూ పోతారు. ప్రొటెక్షన్ లేకుండా ఒకరితో కలిశాను, లేదా మధ్యలో కండోమ్ చిరిగింది, లేదా మొదట్లో లేకుండా చివర్లో వేసుకున్నాను, ఇప్పుడు గొంతు నొప్పిగా ఉంది, ఒళ్లు వెచ్చగా ఉంది, ఇది హెచ్‌ఐవీయేనా, లేక ఇంకేదైనా సుఖవ్యాధా, నాకు వచ్చేసిందా, ఇంట్లో ఎలా చెప్పాలి. నేను టెస్టింగ్ సెంటర్లో కౌన్సెలర్‌గా పనిచేస్తాను. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే మాటలే ఇవి, ఒకచోట రాసి పెడితే నిద్ర పట్టనివాళ్లకి తెల్లవారేదాకా ఏదో ఒక ఆధారం ఉంటుందని రాస్తున్నాను.

ఈ భయంలో ఉన్న ప్రతి ఒక్కరూ చేసే పని ఒకటుంది. ఒంట్లో లక్షణాలు వెతుక్కోవడం. అద్దంలో నాలుక చూసుకోవడం, గజ్జల్లో బిళ్లలు కట్టాయేమో తడుముకోవడం, టెంపరేచర్ చూసుకోవడం, మళ్లీ చూసుకోవడం. ఆ వెతుకులాటలో జవాబు దొరకదు. జరిగి ఎన్ని గంటలైంది, ఎన్ని రోజులైంది, ఆ లెక్కకి సరిపోయే టెస్ట్ ఏది, అసలు జవాబు అక్కడ ఉంటుంది.

అందుకే నేను మొదట అడిగేది ఒక్కటే, ఎప్పుడు జరిగింది అని. అదీ గంటల్లో చెప్పమంటాను. 72 గంటలు దాటలేదంటే ఆ మాటలన్నీ పక్కన పెట్టి ముందు ఆసుపత్రికి వెళ్లమని చెప్తాను. హెచ్‌ఐవీ ఒంట్లో స్థిరపడకుండా అడ్డుకునే మందులున్నాయి, వాటిని పెప్ అంటారు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులు కలిపి ఇవ్వడం ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతి. 28 రోజులు వరసగా వేసుకోవాలి. 72 గంటలన్నది చివరి గడువు మాత్రమే, అంతదాకా ఆగి చూడొచ్చని కాదు, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. రాత్రి జరిగితే పొద్దున్నే, వీలైతే ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లడం. "సోమవారం దాకా చూద్దాం, ఆదివారం డాక్టర్ ఉండడు కదా" అనుకుని ఆగిపోయినవాళ్లని చూశాను, ఆ ఒక్క రోజు ఆలస్యం గురించి తర్వాత నెలల తరబడి బాధపడతారు.

పెప్ అందరికీ అవసరం రాదు. అవతలి మనిషికి హెచ్‌ఐవీ ఉందా లేదా తెలుసా, ఎలాంటి సెక్స్ జరిగింది, ఎక్కడైనా పుండు, రక్తం ఉన్నాయా, ఇవన్నీ విని డాక్టర్ నిర్ణయిస్తారు. మందు మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ టెస్టులు, కిడ్నీ పనితీరు చూస్తారు. హెపటైటిస్ బీ ఎందుకంటే, పెప్‌లో ఉండే మందుల్లో కొన్ని ఆ వైరస్ మీద కూడా పనిచేస్తాయి, అది ముందే ఉన్నవాళ్లు ఉన్నట్టుండి మందు ఆపితే లివర్‌కి ఇబ్బంది రావచ్చు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి చెప్పాలి. ఆ రోజు చేసిన టెస్ట్ నెగెటివ్ వచ్చిందనుకోండి, అది నిన్న జరిగినదాని గురించి ఏమీ చెప్పదు. అంతకుముందు మీకు లేదని మాత్రమే చెప్తుంది. ఆ కాగితం చూసుకుని "హమ్మయ్య" అని పెప్ మధ్యలో ఆపేసేవాళ్లుంటారు. ఆపకూడదు.

అదే మూడు రోజుల్లో ఇంకో రెండు పనులున్నాయి. గర్భం వచ్చే అవకాశం ఉంటే ఎమర్జెన్సీ పిల్. లెవోనార్జెస్ట్రెల్ మాత్ర 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత ముందైతే అంత బాగా పనిచేస్తుంది. యులిప్రిస్టాల్ అనే ఇంకో మాత్ర 120 గంటల దాకా పనికొస్తుంది. ఐదు రోజుల్లోపు కాపర్ టీ వేయించుకుంటే అన్నిటికన్నా గట్టి రక్షణ. కానీ వీటిలో ఏదీ ఇన్ఫెక్షన్లని ఆపదు, పిల్ వేసుకున్నాను కదా ఇక ఏ భయం లేదు అనుకునే అమ్మాయిలు కనిపిస్తూనే ఉంటారు కాబట్టి మళ్లీ మళ్లీ చెప్తుంటాను. రెండోది హెపటైటిస్ బీ టీకా. ఇంతకుముందు వేయించుకోనివాళ్లకి ఇది జరిగిన తర్వాత కూడా పనికొస్తుంది, 24 గంటల్లో అయితే మేలు, రెండు వారాల దాకా ఉపయోగం ఉంటుంది. దీన్ని అడిగేవాళ్లే ఉండరు. అందరి భయమూ హెచ్‌ఐవీ మీదే ఉంటుంది, కానీ హెపటైటిస్ బీ దానికన్నా చాలా తేలిగ్గా అంటుకుంటుంది, దానికి టీకా ఉంది, వేయించుకుంటే ఆ గొడవ జీవితాంతం ఉండదు.

మీ ఇష్టం లేకుండా జరిగి ఉంటే, బలవంతమో, మత్తులో ఉన్నప్పుడో, ఒప్పుకున్న కండోమ్ మీకు చెప్పకుండా తీసేయడమో, అప్పుడూ ఇదే 72 గంటల లెక్క వర్తిస్తుంది. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది తర్వాత నిదానంగా తేల్చుకోవచ్చు, వైద్యం మాత్రం ముందు. మీరు నమ్మే మనిషిని ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి. దీంట్లో మీ తప్పు వెంట్రుకవాసి కూడా లేదు.

ఇక ఈ మూడు రోజుల్లో చేయకూడనివి. డెట్టాల్‌తో, సబ్బు నురగతో లోపలికి కడగడం. దానివల్ల క్రిములు పోవు, చర్మం మాత్రం ఒరిసిపోతుంది, మర్నాడు మంట మొదలవుతుంది, ఆ మంటని జబ్బు అనుకుని ఇంకా హడలిపోతారు. తర్వాత, మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ కొనుక్కుని "ఎందుకైనా మంచిది" అని వేసేసుకోవడం. సగం సగం యాంటీబయాటిక్ వేసుకుంటే ఉన్న జబ్బు పూర్తిగా పోదు, పైగా లక్షణాలు అణిగిపోయి టెస్టులో కూడా సరిగ్గా దొరకకపోవచ్చు. గనేరియా అనే సుఖవ్యాధి క్రిమి ఇప్పటికే ఒకదాని తర్వాత ఒకటి చాలా యాంటీబయాటిక్స్‌కి లొంగకుండా తయారైంది, ఇప్పటికీ ప్రధానంగా ఆధారపడేది సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ మీదే, అలాంటి క్రిమి మీద అడ్డదిడ్డంగా మందులు ప్రయోగిస్తే నష్టం మీ ఒక్కరితో ఆగదు. ఇలాంటి బ్యాక్టీరియా జబ్బులు రాకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 200 మిల్లీగ్రాములు సెక్స్ తర్వాత 72 గంటల్లోపు వేసుకునే పద్ధతి ఒకటి 2024లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ సిఫార్సుల్లోకి వచ్చింది, కానీ అది రిస్క్ ఎక్కువ ఉన్న కొంతమంది కోసం, అంటే మగవాళ్లతో సెక్స్ చేసే మగవాళ్లు, ట్రాన్స్ మహిళల్లో గడిచిన ఏడాదిలో ఇలాంటి ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ల కోసం చెప్పింది. మీకు వర్తిస్తుందో లేదో డాక్టర్‌ని అడగండి, ఫ్రెండ్ మాట మీద మొదలుపెట్టకండి.

ఇంకొకటి, రక్తదానం. "రక్తం ఇస్తే వాళ్లే టెస్ట్ చేస్తారు కదా, ఎవరికీ తెలియకుండా అయిపోతుంది" అని నాతో నేరుగా అన్నవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఇన్ఫెక్షన్ కొత్తగా వచ్చిన రోజుల్లో ఏ టెస్టూ పట్టుకోలేని కాలం కొంత ఉంటుంది, ఆ రక్తం ఆపరేషన్ టేబుల్ మీద ఉన్న మనిషికి ఎక్కితే ఆలోచించండి. టెస్ట్ కావాలంటే టెస్ట్‌కే వెళ్లాలి.

మూడు రోజులు దాటిపోయాయా? అయితే పైన చెప్పిన ఐదు రోజుల, రెండు వారాల గడువులు ఇంకా మిగిలి ఉంటే వాటిని వాడుకోండి, అవి కాక ఇప్పుడు చేతిలో ఉన్నది ఆగడం, సరైన తేదీకి టెస్ట్ చేయించుకోవడం. రాయడానికి ఒక్క లైన్. అనుభవించేవాళ్లకి అది ఎంత నరకమో నాకు బాగా తెలుసు.

ఈ ఆగే రోజుల్లో ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది నాకొక్కడికే జరుగుతోంది అని ప్రతివాళ్లూ అనుకుంటారు. బాత్రూం తలుపు గడియ పెట్టి, ఫోన్ టార్చ్ వేసి, ఒక చేత్తో చర్మం లాగి పట్టుకుని ఇంకో చేత్తో ఫొటో తీస్తారు. ఆ ఫొటోని పెద్దది చేసి ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మల పక్కన పెట్టి చూస్తారు. అంత దగ్గరగా అంతకుముందు ఎప్పుడూ చూసుకుని ఉండరు, కాబట్టి కనపడేదంతా కొత్తగానే ఉంటుంది. పురుషాంగం శిఖరం చుట్టూ వరసగా ముత్యాల్లా చిన్న చిన్న బుడిపెలు చాలామందికి యుక్తవయసు నుంచి ఉంటాయి, అవి జబ్బు కాదు, ఎవరికీ అంటుకోవు. చర్మం మీద ఆవగింజంత పసుపు తెలుపు చుక్కలు నూనె గ్రంథులు, అవీ అందరికీ ఉండేవే. షేవ్ చేసిన చోట వచ్చే ఎర్ర పొక్కు వెంట్రుక మొదట్లో వాపు. ఇవన్నీ ఇన్నాళ్లూ ఉన్నవే, ఇవాళ టార్చ్ వెలుగులో దొరికాయి.

కొంతమంది మగవాళ్లు చీము వస్తుందేమో అని గంటకోసారి నొక్కి చూసుకుంటారు. అలా నొక్కితే మూత్రనాళం ఎర్రబడి, మంట పుట్టి, కొంచెం జిగట కూడా వస్తుంది. లేని లక్షణాన్ని చేతులారా తెచ్చుకున్నట్టే. నా ఎదురుగా కూర్చున్న ఒకబ్బాయి మాట్లాడుతున్నంతసేపూ బొటనవేలితో దవడ కింద ఒకే చోట నొక్కుకుంటూనే ఉన్నాడు, తను ఆ పని చేస్తున్నట్టు తనకే తెలీదు. "ఇక్కడ గడ్డ ఉంది మేడమ్, రోజురోజుకీ నొప్పి పెరుగుతోంది" అన్నాడు. డాక్టర్ గారు చూసి వారం రోజులు ఆ చోట చెయ్యి పెట్టొద్దన్నారు, అంతే. వారం తర్వాత నొప్పి లేదు.

ఆడవాళ్లకి ఇంకో రకం తికమక. తెల్లబట్ట నెల మొత్తం ఒకేలా ఉండదు, పీరియడ్ దగ్గరపడేకొద్దీ మారుతుంది, దాన్ని చూసి భయపడేవాళ్లున్నారు. దురదతో పెరుగులాంటి తెల్లబట్ట అయితే ఎక్కువసార్లు అది ఫంగస్, యాంటీబయాటిక్ వాడినప్పుడు కూడా వస్తుంది. మరోపక్క నిజంగా క్లమీడియా అనే బ్యాక్టీరియా సుఖవ్యాధి ఉన్న స్త్రీలలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. మగవాళ్లలోనూ చాలామందికి ఉండదు. అది తెలియకుండా ఏళ్ల తరబడి ఉండిపోతే గర్భాశయం, ఫెలోపియన్ ట్యూబుల దాకా పాకి పిల్లలు పుట్టడంలో సమస్య తెచ్చిపెట్టగలదు. అంటే లక్షణాలు కనిపిస్తే ఉన్నట్టనీ కాదు, కనపడకపోతే లేనట్టనీ కాదు. లక్షణాల మీద ఆధారపడకండి అని ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

హెచ్‌ఐవీ కొత్తగా వచ్చినప్పుడు రెండు నుంచి నాలుగు వారాల మధ్య కొందరికి జ్వరం, గొంతు నొప్పి, ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. నిజమే. అదే జ్వరం, అదే గొంతు నొప్పి మామూలు వైరల్ జ్వరానికీ వస్తాయి. భయం ఒక్కటే చాలు, విరేచనాలు పట్టుకోవడానికి, రాత్రిపూట చెమటలు పోయడానికి, నోరు ఎండిపోవడానికి, తిండి మానేసి బరువు తగ్గడానికి. ఆ జాబితా తెరిచి టిక్కులు పెట్టుకుంటూ కూర్చుంటే అన్నీ కలుస్తాయి. డాక్టర్లు కూడా లక్షణాలు చూసి హెచ్‌ఐవీ ఉందనో లేదనో చెప్పరు, టెస్ట్ రాస్తారు.

సరే, తేదీల దగ్గరికి వద్దాం. టెస్ట్ ఇన్ఫెక్షన్‌ని పట్టుకోవడానికి కావాల్సిన కాలాన్ని విండో పీరియడ్ అంటారు. ఒక్కో జబ్బుకి ఒక్కో లెక్క, ఒకే జబ్బుకి టెస్టుని బట్టి ఇంకో లెక్క, అందుకే గందరగోళం.

గనేరియా, క్లమీడియా రెండూ తొందరగా తెలుస్తాయి. గనేరియా లక్షణాలు వచ్చేవాళ్లకి సాధారణంగా కొద్ది రోజుల్లోనే వస్తాయి, మూత్రంలో మంట, చీము. క్లమీడియాకి ఒకటి నుంచి మూడు వారాలు. లక్షణాలు లేకపోతే రెండు వారాలు ఆగి, క్రిమి జన్యు పదార్థాన్ని వెతికే నాట్ టెస్ట్ చేయించుకుంటే దాని మీద నమ్మకం పెట్టుకోవచ్చు. లక్షణాలు ఉంటే ఆగక్కర్లేదు, ఆ రోజే వెళ్లాలి.

సిఫిలిస్ మెల్లగా వస్తుంది. మొదట ఒక పుండు, సగటున మూడు వారాలకి, 10 రోజులకీ రావచ్చు 90 రోజులకీ రావచ్చు. చాలాసార్లు దానికి నొప్పి ఉండదు, కనపడని చోట ఉంటే వచ్చిందని కూడా తెలియదు, మందు వేయకపోయినా మానిపోతుంది. మానింది కదా అని సంతోషించేవాళ్లు తర్వాత అరచేతుల్లో, అరికాళ్లలో దద్దుర్లు వచ్చాక మళ్లీ వస్తారు. ఆర్‌పీఆర్ లేదా వీడీఆర్‌ఎల్, దాంతోపాటు టీపీహెచ్‌ఏ, ఇవి రక్త పరీక్షలు. ఆరు వారాలకి ఒకసారి, మూడు నెలలకి ఇంకోసారి చేయించుకోవాలి.

హెచ్‌ఐవీకి, ల్యాబ్‌లో నరంలోంచి రక్తం తీసి చేసే నాలుగో తరం టెస్ట్ అయితే 18 నుంచి 45 రోజుల మధ్య పట్టుకుంటుంది. అది వైరస్‌ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసే యాంటీబాడీతోపాటు పీ24 అనే వైరస్ ముక్కని కూడా వెతుకుతుంది, అందుకే అంత ముందు దొరుకుతుంది. 45 రోజుల తర్వాత ఆ టెస్ట్ నెగెటివ్ అంటే నెగెటివే. వేలి మీద గుచ్చి చేసే ర్యాపిడ్ టెస్టులకీ, ఇంట్లో చేసుకునే కిట్లకీ 90 రోజులు లెక్క పెట్టుకోండి. పెప్ వాడినవాళ్లకి ఈ లెక్కలు వర్తించవు, మందు వల్ల యాంటీబాడీలు ఆలస్యంగా రావచ్చు, వాళ్లు డాక్టర్ ఇచ్చిన తేదీలే పాటించాలి. నాలుగో రోజు ఒకటి, పదో రోజు ఒకటి, ఇరవయ్యో రోజు ఒకటి చేయించుకునేవాళ్లతో నేను చెప్పేది, ఆ డబ్బూ ఆ ధైర్యమూ దాచుకుని 45వ రోజున ఒక్కటి సరిగ్గా చేయించుకోండి అని.

హెపటైటిస్ బీ రక్తంలో కనపడటానికి సాధారణంగా నెల, రెండు నెలలు పడుతుంది, మూడు నెలల టెస్టులతో కలిపి చూసుకోవచ్చు. హెర్పిస్ పొక్కులు వస్తే మామూలుగా 2 నుంచి 12 రోజుల్లో వస్తాయి, అప్పుడు ఆ పొక్కు మీంచి స్వాబ్, అంటే దూదిపుల్లతో శాంపిల్, తీసి వైరస్‌ని నేరుగా వెతికే పీసీఆర్ టెస్ట్ చేయాలి. ఏ పొక్కూ లేకుండా హెర్పిస్ రక్త పరీక్ష చేయించుకోవడం నేను ఎవరికీ చెప్పను. 50 ఏళ్లలోపు జనాభాలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి హెర్పిస్ 1 వైరస్ ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, చాలామందికి చిన్నప్పుడే ముద్దుల వల్లో, ఎంగిలి వల్లో వస్తుంది. ఆ టెస్ట్ పాజిటివ్ వచ్చి, ఎక్కడినుంచి వచ్చిందో ఎప్పుడు వచ్చిందో తెలియక కాపురంలో గొడవలు తెచ్చుకున్నవాళ్లున్నారు.

ఇప్పుడు రిస్క్ ఎంత అన్న ప్రశ్న. అవతలి మనిషికి హెచ్‌ఐవీ ఉండి, మందులు వాడకుండా ఉంటే, కండోమ్ లేని ఒక్క యోని సంపర్కంలో స్త్రీకి వచ్చే అవకాశం సీడీసీ అంచనా ప్రకారం 10,000కి 8, పురుషుడికి 10,000కి 4. మలద్వార సంపర్కంలో స్వీకరించేవాళ్లకి 10,000కి 138. పుండ్లు ఉంటే, అవతలివాళ్లకి ఈమధ్యే సోకి ఉంటే ఇది పెరుగుతుంది. ఓరల్ సెక్స్‌లో హెచ్‌ఐవీ రావడం చాలా చాలా అరుదు, కానీ గనేరియా, సిఫిలిస్, హెర్పిస్ వస్తాయి. ముద్దుతో, చేత్తో, టాయిలెట్ సీటుతో, టవల్‌తో హెచ్‌ఐవీ రాదు. ఈ అంకెలు పెప్ అక్కర్లేదనుకోవడానికి కాదు, టెస్ట్ మానేయడానికీ కాదు. టెస్ట్ తేదీ వచ్చేదాకా రాత్రిళ్లు కాస్త కన్ను మూతపడాలని చెప్తున్నాను.

అవతలి మనిషికి హెచ్‌ఐవీ ఉందని తెలిసినా, వాళ్లు రోజూ మందులు వేసుకుంటూ వైరస్ టెస్టులో కనపడనంతగా తగ్గి ఉంటే సెక్స్ ద్వారా మీకు రాదు. ఇది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పార్ట్‌నర్ 2 అధ్యయనంలో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి ఇంకొకరికి లేని పురుష జంటల్ని గమనించారు, కండోమ్ లేకుండా దాదాపు 76,000 సార్లు కలిసినా ఆ భాగస్వామి నుంచి వైరస్ సోకిన కేసు ఒక్కటీ లేదు. మందులు వాడుతున్నానని నిజం చెప్పిన మనిషిని శత్రువులా చూసి తిట్టినవాళ్ల మాటలు విన్నాను, అది నాకు చాలా బాధ కలిగించే విషయం. తన స్టేటస్ తెలిసి మందులు వేసుకుంటున్న మనిషికన్నా, ఎప్పుడూ టెస్టే చేయించుకోకుండా "నాకేం లేదు" అని చెప్పే మనిషి దగ్గరే రిస్క్ ఎక్కువ.

ఈ భయంలో సగం జబ్బు గురించి ఉండదు. "చేసిన పాపానికి శిక్ష పడాలి కదా, అందుకే వచ్చి ఉంటుంది" అనే మాట ఏదో ఒక రూపంలో అందరి నోటా వస్తుంది. పెళ్లయినవాళ్లయితే ఇంకా ఎక్కువ. మీ మనసులో ఉన్న అపరాధ భావం నిజమైనదే, దాని గురించి మాట్లాడుకోవాలి, కానీ దానికీ బ్యాక్టీరియాకీ సంబంధం లేదు. క్రిమికి మీ గుణం తెలియదు. మొదటిసారి, పెళ్లి చేసుకోబోయే మనిషితో, ఎంతో ప్రేమతో కలిసినా వస్తుంది, రావాల్సిన చోట రాకుండానూ పోతుంది. ప్రపంచం మొత్తం మీద నయమయ్యే నాలుగు ఇన్ఫెక్షన్లు, అంటే క్లమీడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్, రోజుకి పది లక్షలకి పైగా కొత్తగా వస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అంతమందిలో రకరకాల మనుషులుంటారు.

ఇంట్లో భార్యో భర్తో ఉన్నవాళ్లకి మాత్రం ఒక మాట మొహమాటం లేకుండా చెప్తాను. టెస్టులన్నీ పూర్తయ్యేదాకా కండోమ్ లేకుండా కలవకూడదు. ఏ కారణం చెప్తారో, నిజమే చెప్తారో అది మీరు తేల్చుకోవాలి, కానీ వాళ్లకి తెలియకుండా వాళ్ల ఆరోగ్యాన్ని పణంగా పెట్టే హక్కు మీకు లేదు.

టెస్ట్ రోజు గురించి కొంచెం. యూరిన్ శాంపిల్ ఇవ్వాల్సి ఉంటే కనీసం గంట ముందు నుంచి మూత్రానికి వెళ్లకుండా ఉండి, మొదట వచ్చే మూత్రం పట్టాలి, మధ్యది కాదు. ఏ రకం సెక్స్ జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నోటితో జరిగితే గొంతు స్వాబ్, మలద్వారం అయితే అక్కడి స్వాబ్ తీయాలి, గొంతులో ఉన్న గనేరియా మూత్రంలో దొరకదు. సిగ్గుపడి ఆ ఒక్క ముక్క దాచిపెట్టి, అన్నీ నెగెటివ్ అని ఇంటికెళ్లినవాళ్లకి ఆ రిపోర్ట్ సగమే. ఎదుటివాళ్లు ముఖం చిట్లించినా, నీతులు చెప్పినా అక్కడినుంచి లేచి వేరే చోటికి వెళ్లండి, టెస్ట్ మాత్రం మానకండి. మా వృత్తిలో అలాంటివాళ్లు ఉన్నారు, ఉండకూడదు.

పాజిటివ్ వస్తే? క్లమీడియాకి డాక్సీసైక్లిన్ ఏడు రోజులు. గనేరియాకి సెఫ్ట్రియాక్సోన్ ఒక ఇంజెక్షన్. సిఫిలిస్ తొలిదశలో ఉంటే బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఒక్కసారి. 1943లో మొదటిసారి సిఫిలిస్‌కి పెన్సిలిన్ ఇచ్చి నయం చేశారు, ఇన్ని దశాబ్దాలు గడిచినా ఆ క్రిమి ఈ మందుకి లొంగుతూనే ఉంది. హెచ్‌ఐవీ అయితే రోజుకో మాత్రతో పనిచేస్తూ, పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, మామూలు ఆయుష్షుకి దగ్గరగా బతుకుతున్నారు. నేను పాజిటివ్ అని చెప్పాల్సి వచ్చినవాళ్లలో చాలామంది మొదటి గంటలో కుప్పకూలిపోయి, ఏడాది తర్వాత వాళ్ల రిపోర్టులు పట్టుకుని నవ్వుతూ వచ్చినవాళ్లే.

చికిత్స అయ్యాక ఏడు రోజులు సెక్స్ వద్దు, అవతలి మనిషికి చికిత్స పూర్తికాకుండా మళ్లీ కలిస్తే మళ్లీ మీకే వస్తుంది. వాళ్లకి చెప్పడం కష్టంగా అనిపిస్తే పెద్ద వివరణలేమీ అక్కర్లేదు. "టెస్టులో నాకు క్లమీడియా ఉందని తేలింది, నేను మందులు వాడుతున్నాను, నువ్వు కూడా ఒకసారి చేయించుకో" అని మెసేజ్ పెడితే చాలు. ఎవరి వల్ల వచ్చిందన్న వాదన ఆ మెసేజ్‌లో పెట్టకండి, చాలాసార్లు అది ఎవరికీ తెలియదు. మూడు నెలల తర్వాత మళ్లీ టెస్ట్ చేయించుకోండి, మళ్లీ సోకడం ఎక్కువగా జరుగుతుంది.

ఇక అన్నీ నెగెటివ్ వచ్చి, తేదీలు కూడా దాటిపోయి, అయినా నమ్మలేకపోతున్నవాళ్ల గురించి. ల్యాబ్‌లో శాంపిల్ మారిపోయిందేమో, నా ఒంట్లో యాంటీబాడీలు తయారవ్వవేమో, కొత్త రకం వైరస్ ఏమో అని ఇంకో టెస్ట్, ఇంకో ల్యాబ్. రిపోర్ట్ చూసిన సాయంత్రం ప్రశాంతంగా ఉంటుంది, తర్వాత ఆ ప్రశాంతత ప్రతిసారీ ఇంకా త్వరగా ఆవిరవుతుంది. ఈ దశకి వచ్చినవాళ్లకి ఇంకో రక్త పరీక్ష పనిచేయదు, నేను ఎన్నిసార్లు "మీకేం లేదు" అన్నా పనిచేయదు. వాళ్లకి ఉన్నది ఆందోళన అనే సమస్య, అది కల్పన కాదు, దానికి వైద్యం ఉంది, సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతి దీనికి బాగా పనిచేస్తుంది, అవసరమైతే మందులూ ఉంటాయి. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే రేపటిదాకా ఆగకండి, ఇప్పుడే ఇంట్లో ఒకరిని నిద్రలేపండి, లేదా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. ఈ జబ్బుల్లో ఏదీ ప్రాణం తీసుకోవాల్సినంతది కాదు.

టెస్ట్‌కి వెళ్లిన రోజే రెండు టీకాల గురించి అడగండి. హెపటైటిస్ బీ గురించి పైన చెప్పాను. రెండోది హెచ్‌పీవీ అనే, సెక్స్ ద్వారా సోకే వైరస్‌కి టీకా. ఆ వైరస్ వచ్చినవాళ్లలో పదింట తొమ్మిది మందికి రెండేళ్లలో దానంతటదే పోతుంది, కానీ పోకుండా మిగిలిపోయే 16, 18 రకాలే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణం. అంతకుముందు సెక్స్ అనుభవం ఉన్నా, ఇంకా సోకని రకాల నుంచి టీకా కాపాడుతుంది, అబ్బాయిలూ వేయించుకోవచ్చు. మీ వయసుకి ఇస్తారో లేదో డాక్టరే చెప్తారు. తర్వాతి డోసు తేదీని ఫోన్‌లో మూడు నెలల టెస్ట్ తేదీ పక్కనే పెట్టుకోండి, రెండూ మర్చిపోకుండా ఉంటాయి.